కుంకుమ పెట్టిన స్కోప్

నా మొదటి కణుజును నేను చంపలేదు. గాయం చేసి వదిలేశాను. ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

మేముండేది మెల్‌బోర్న్‌లోని క్రాన్‌బర్న్‌లో. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను, మా ఆయన ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. పక్కింట్లో ఉండే పెద్దాయన రిటైరైన వడ్రంగి, ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు. మేము ఆయన్ని అంకుల్ అంటాం. మొదట్లో "నేను మీకు అంకుల్‌ని ఎప్పుడయ్యాను?" అని నవ్వేవాడు, తర్వాత అలవాటు పడిపోయాడు. ఆయన ఒకసారి తాను వేటాడిన జింక మాంసం పంపిస్తే నేను గోంగూర వేసి వండి గిన్నె నిండా తిరిగి పంపాను. అదే పరిచయం. రెండేళ్లు గడిచేసరికి నా పేరు మీద లైసెన్సు, మా గరాజ్ గోడకు బిగించిన ఇనప బీరువా, అందులో ఒక రైఫిల్ వచ్చి చేరాయి.

"కూర వండమంటే తుపాకీ కొన్నావేందే?" అన్నాడు మా ఆయన. అంతకుమించి వాదించలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పెళ్లయిన కొత్తలోనే ఆయనకు అర్థమైంది.

ఇక్కడి కొండల్లో తిరిగే సాంబర్ జింక మన నల్లమల కణుజే. ఎప్పుడో తెల్లవాళ్లు వేట కోసం ఓడల్లో తెచ్చి వదిలారట. మన దగ్గర దాని మీద చెయ్యి వేస్తే జైలు, ఇక్కడ అడవి పాడుచేస్తోందని గోల. నేను స్కిల్డ్ వీసా మీద వచ్చాను, అది బోనులో వచ్చింది, అంతే తేడా అని మా ఆయన నన్ను ఏడిపిస్తుంటాడు.

స్కోప్ అంటే రైఫిల్ మీద బిగించే దుర్భిణి. అది కొనే పని మా ఆయన నెత్తిన వేసుకున్నాడు. ల్యాప్‌టాప్‌లో పట్టిక వేసి, రివ్యూలన్నీ చదివి, ఆరు నుంచి ఇరవై నాలుగు రెట్లు పెద్దదిగా చూపించేది ఎంచాడు. అదే ధరకు మిగతావి అయిదు రెట్లో తొమ్మిది రెట్లో చూపిస్తుంటే ఇరవై నాలుగు ఎవరు వదులుకుంటారు? ఫోనైనా ఫ్రిజ్ అయినా పెద్ద అంకె ఉన్నదే మంచిదని నమ్మే జాతి మాది. నేనూ తలూపాను. అంకుల్ దాన్ని చూసి, "బాగుంది, చంద్రుడి మీద జింకలుంటే కనిపిస్తాయి" అన్నాడు. ఆయన నన్ను తీసుకెళ్లే అడవిలో జింక కనిపించేదే నలభై, యాభై మీటర్ల దూరంలో. అంత చెట్టూ పుట్టా. అయినా నేను వినలేదు.

అక్టోబర్‌లో దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ బాగా చేస్తాం. కారు, గడ్డి కోసే మిషన్, మిక్సీ, ల్యాప్‌టాప్, నా కత్తిపీట అన్నిటికీ పసుపూ కుంకుమా పడాల్సిందే. ఆ ఏడాది రైఫిల్ కూడా చేరింది. తూటాలు వేరే పెట్టెలో తాళం వేసి, ఖాళీ రైఫిల్‌ని పీట మీద పెట్టి, స్కోప్ నెత్తిన నిలబడి ఉన్న మర మీద నేనే బొట్టు పెట్టాను. తూటా తగిలే చోటు పైకీ కిందికీ జరపడానికి తిప్పే మర అది. దూరపు గురికోసం చేసిన స్కోప్ కాబట్టి దానికి మూత లేదు, బయటికే ఉంటుంది. బొట్టు పెట్టడానికి అంతకంటే మంచి నొసలు నాకు కనిపించలేదు.

పూజ చేసిన రోజు పనిముట్లను ముట్టకూడదు కదా. నేను షూటింగ్ రేంజ్‌కి వెళ్లి గురి సరిచూసుకోవాల్సిన ఆదివారం కూడా అదే. మానేశాను. మర్నాడు తడిగుడ్డతో కుంకుమ తుడిచాను. మర చుట్టూ ఉన్న గాడుల్లో ఇరుక్కున్న ఎరుపు పోవాలని గుడ్డ చుట్టి బాగా తిప్పాను. చివర్లో గీతని మళ్లీ సున్నా దగ్గరికి తెచ్చి పెట్టాను. ఎంత జాగ్రత్తపరురాలినో అని మురిసిపోయాను కూడా.

ఆ శనివారం గిప్స్‌ల్యాండ్ కొండల్లో నలభై మీటర్ల దూరంలో ఆడ కణుజు నిలబడింది. స్కోప్‌లో కన్ను పెడితే గోధుమరంగు వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. ఎంత తగ్గించినా ఆరు రెట్లు చూపించే అద్దం అది. మెడ ఏదో, జబ్బ ఏదో వెతుక్కుని, ఇదే జబ్బ అనుకున్న చోట పేల్చాను. జింక ముందుకు కూలబడి, లేచి, మూడు కాళ్ల మీద ఫెర్న్ పొదల్లోకి పోయింది. ముందుకాలు ఒకటి వేలాడటం నేను కళ్లారా చూశాను.

చీకటి పడేదాకా వెతికాం. ఆకుల మీద రక్తం కనిపించింది, తర్వాత చుక్కలయ్యాయి, వాగు దగ్గర అవీ ఆగిపోయాయి. మర్నాడు అంకుల్ తన కుక్కని తెచ్చాడు. సాయంత్రం దాకా వాగుకి రెండు వైపులా తిరిగాం. దొరకలేదు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. మా ఆయన కంచం తీసేశాడు.

"ముందు రైఫిల్ చూద్దాం, ఏడుపు తర్వాత" అన్నాడు అంకుల్. రేంజ్‌లో యాభై మీటర్లకు కాగితం పెట్టి మూడు పేల్చాను. మూడూ పక్కపక్కనే పడ్డాయి, కానీ గురికి జానెడు కింద. మర చూస్తే గీత సున్నా మీదే ఉంది. అంకుల్ దాన్ని ఒక పూర్తి చుట్టు పైకి తిప్పాడు. గీత మళ్లీ సున్నా మీదికే వచ్చింది. ఈసారి తూటా నడిమధ్యన పడింది. తుడిచేటప్పుడు నేను ఒక చుట్టు ఎక్కువ తిప్పి, సున్నా కనిపించింది కదా అని వదిలేశాను. గాడుల్లో కుంకుమ ఇంకా కొంచెం ఉంది.

నాకు దేవుడి మీద కోపం రాలేదు, కుంకుమ మీదా రాలేదు. నా మీద వచ్చింది. ల్యాబ్‌లో పొద్దున్నే మిషన్ సరిగ్గా కొలుస్తోందో లేదో చూడకుండా ఒక్క రక్తపు చుక్క కూడా పరీక్షించను. జీవం ఉన్న జంతువు దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధి ఏమైంది? ఆ రోజే గట్టిగా అనుకున్నాను. పండగైనా వానైనా ముందు కాగితం మీద గురి చూడకుండా అడవిలో అడుగు పెట్టను. ఇంకొక్క జంతువు నా చేతిలో కుంటుతూ పోయిందా, రైఫిల్ అమ్మేస్తాను.

కొత్త స్కోప్‌కి నేనే వెళ్లాను, మా ఆయన కారు నడిపాడు. షాపులో మనిషి ప్రతి మాటా ఆయనతోనే చెబుతున్నాడు. "తుపాకీ నాది, నాతో చెప్పండి" అన్నాను. ఒకటిన్నర నుంచి అయిదు రెట్ల స్కోప్ తీయించాను. దాన్ని ఒకటిన్నర మీద పెట్టి షాపు ఆ చివరనున్న అరల వైపు చూస్తే, అరలూ పక్కన తలుపూ అన్నీ ఒకేసారి కనిపించాయి. మరలకు గట్టిగా బిగిసే మూతలున్నాయి. కంటికీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉన్నా కనిపించే బొమ్మ అంచులు నల్లబడలేదు.

"పాతదానికీ దీనికీ ధర ఒకటే. చూపించేది అయిదు రెట్లేనా?" అన్నాడు మా ఆయన, ప్రాణం ఒప్పక.

"నీ పట్టికలో జింక ఎంత దూరంలో ఉంటుందో రాశావా?"

"రాయలేదు."

"మరి నోర్మూసుకుని బండి తియ్యి."

తూటాల దగ్గర మాత్రం నేనే తప్పటడుగు వేయబోయాను. తూటా బరువు గ్రెయిన్లలో చెబుతారు. అన్నిటికంటే బరువైనవి, నూట ఎనభై గ్రెయిన్లవి కొందామనుకున్నాను. బరువైన తూటా కొమ్మల్ని తోసుకుంటూ పోతుందని షాపులో చెప్పారు. అంకుల్ వాళ్ల చెల్లెలి పొలంలో కాగితానికి రెండు మీటర్ల ముందు రెమ్మలు గుచ్చి పేల్చి చూశాం. బరువైనదీ పక్కకే పోయింది, తేలికదీ పక్కకే పోయింది. "రెమ్మ అడ్డముంటే ఆగు. అది జరిగేదాకా ఆగు. ఆగడానికి తూటా అక్కర్లేదు" అన్నాడు అంకుల్.

తర్వాత ఆయన నాకు తెలియకుండా తూటాల మధ్య మందులేని ఉత్తిది ఒకటి కలిపాడు. మీట నొక్కాను, పేలలేదు, కానీ గొట్టం మూతి మాత్రం గభాల్న కిందికి దిగింది. పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బకి భయపడి నేను ముందే భుజం బిగిస్తున్నానన్నమాట. సిగ్గేసింది. నా రైఫిల్ తేలిక, నూట ఎనభై దానిలోంచి వెళ్తే గాడిద తన్నినట్టే. నూట యాభైలో మెత్తవి దెబ్బ తక్కువే గానీ, దగ్గరి దూరంలో జబ్బ ఎముక తగిలితే లోపలికి పోకముందే ముక్కలవుతాయట. చివరికి నూట అరవై అయిదు గ్రెయిన్లవి, సీసానికి రాగి తొడుగు గట్టిగా అతికించినవి పట్టుకున్నాను. మూడు కంపెనీలవి తలా ఒక పెట్టె తెచ్చి, బల్ల మీద ఆనించకుండా, మోకాలి మీద కూర్చుని కాల్చాను. అడవిలో బల్లలుండవు కదా. రెండు కంపెనీలవి చెదిరాయి. మూడోది నా రైఫిల్‌కి నచ్చింది, వరసగా అయిదూ ఒక గారె కింద కప్పెట్టొచ్చు. అంకుల్ మాత్రం అది తన రైఫిల్‌లో అస్సలు పనికిరాదన్నాడు.

ఆ ఎండాకాలమంతా, తర్వాత చలి వచ్చేదాకా, ప్రతి ఆదివారం రేంజ్‌కి వెళ్లాను. మీట నొక్కేటప్పుడు భుజం కదలడం మానేదాకా ఉత్తి తూటాలతో సాధన చేశాను. మా ఆయన మొదట నవ్వాడు, తర్వాత ఫ్లాస్క్‌లో టీ పోసి ఇవ్వడం మొదలుపెట్టాడు.

జూన్‌లో, ఇక్కడి చలికాలంలో, వెళ్లాం. ముందు రోజు కాగితం మీద రెండు పేల్చి చూసుకున్నాను. తెల్లారాక మంచు పల్చబడేసరికి యాభై మీటర్ల లోపే ఒక మగది అడ్డంగా నిలబడి ఉంది. స్కోప్‌లో జింక మొత్తం కనిపించింది, చెవులు, కాళ్లు, వెనక చెట్లు, జబ్బ మీదికి వచ్చిన ఒక రెమ్మ. ఆగాను. చేతులు చల్లబడి మొద్దుబారుతున్నా ఆగాను. అది ఒక అడుగు వేసింది. రెమ్మ వెనకబడింది. జబ్బ వెనక పేల్చాను.

అది ఎగిరి ఫెర్న్‌లలోకి పోయింది. వెంటపడితే ఇంకా దూరం పోతుందని అంకుల్ నా చెయ్యి పట్టుకుని పదిహేను నిమిషాలు కదలనివ్వలేదు. తర్వాత నన్నే ముందు నడవమన్నాడు. అది నిలబడ్డ చోటు నుంచి అడుగులు లెక్కపెడుతూ పోయాను. ముప్పై ఒకటో అడుగు దగ్గర పడి ఉంది. ప్రాణం ఉందేమోనని కొమ్మతో కంటిని తాకి చూశాను, కదల్లేదు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని మెడ మీద చెయ్యి వేశాను, ఇంకా వెచ్చగానే ఉంది. "క్లీన్ షాట్" అంటూ అంకుల్ భుజం తట్టాడు. నేను తల ఊపాను గానీ లేవలేదు. ఇది ముప్పై అడుగులు నడిచింది. మూడు కాళ్ల మీద పోయిన ఆ మొదటిది ఎన్ని నడిచిందో నాకు ఎప్పటికీ తెలియదు.