కొట్పాడ్ దారంతో కట్టిన పురుగు

మా ఇంట్లో చేప వండరు, తినరు, గడప దాటి లోపలికి రానివ్వరు. అలాంటి ఇంట్లో పుట్టి, రాయగడలో బట్టల కొట్టు నడుపుకుంటూ, నేను గాలం వేస్తాను. విజయనగరం నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా ఈ సంగతి ఎత్తి నవ్వుకుంటారు. నవ్వనివ్వండి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నీళ్ళ ఒడ్డున నిలబడితే తప్ప అది దిగదు.

నేర్పినవాడు మా మేడ మీద అద్దెకున్న ఒక ఇంజనీరు. ఈ పద్ధతిలో వానపాములూ పిండి ముద్దలూ ఉండవని, కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి పురుగులా తయారుచేస్తారని, పడిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేయొచ్చని చెప్పేసరికి నా మనసు లాగింది. ఫ్లై ఫిషింగ్ అంటారట. బదిలీ అయి వెళ్ళిపోతూ తన గాలం కర్ర కూడా నాకే ఇచ్చేశాడు.

నేర్చుకోవాలనుకునేవాళ్ళకి నాకు తెలిసింది చెబుతాను. కర్రని వెనక్కి విసిరాక, తాడు వెనకాల పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. అందరూ అక్కడే తొందరపడతారు. నేనైతే కొక్కేన్ని నా చొక్కా కాలరుకే తగిలించుకున్నాను. కొక్కెం మొన దగ్గరుండే చిన్న ముల్లుని పట్టకారుతో నొక్కేయాలి, అప్పుడు చేప సులువుగా విడిపోతుంది. దాన్ని ముట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి. మన వైపు చెరువులు ఎండకి కాగిపోతాయి కాబట్టి తెల్లవారకట్ల గానీ పొద్దు వాలాక గానీ వెళ్ళాలి, మిట్టమధ్యాహ్నం వెళ్ళడం దండగ. ఈ చివరి మాట ఇంజనీరు మరీ మరీ చెప్పాడు. నేనూ అలాగే నమ్మాను. నమ్మకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇక మా ఆవిడ సంగతి. నేను కోడి ఈకలు పొట్లం కట్టించుకుని వచ్చిన రోజున గుమ్మంలోనే ఆపేసింది.

"ఇంట్లో దేవుడి గది ఉంది. కోడీకలు లోపలికి తేకండి."

"మరి పురుగులు ఏటితో కట్టమంటావు?"

"నేను కడతాను, కొక్కేలు ఇలాగివ్వండి."

ఆవిడ అల్లికల్లో, కుట్టుపనిలో ఆరితేరిన మనిషి. కొట్లో కొట్పాడ్ నేత నూలు చీరలు అమ్ముతాం. వాటి అంచుల దగ్గర వేలాడే దారాలు కత్తిరించి దాచింది. ఎర్రమట్టి రంగువి కొన్ని, నల్లవి కొన్ని. వాటితో పురుగు కడితే కాళ్ళూ మీసాలూ ఉన్నట్టే ఉండేది. కట్టగానే స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి వేసి చూసింది. కాసేపు తేలింది, తర్వాత నూలు నీళ్ళు పీల్చుకుని మెల్లగా అడుక్కి దిగిపోయింది.

"మునిగిపోతంది కదండీ" అంది దిగులుగా.

"మునిగితే ఏం, చేపలు కూడా నీళ్ళలోనే ఉంటాయి" అన్నాను.

ఆ మాటకి నవ్వింది. అప్పటినుంచి ఆవిడకి ఒకటే కోరిక. తను దారంతో చేసినదాన్ని ఒక చేప నిజం పురుగనుకోవాలి. ఎన్ని పూలు కుట్టినా మనుషులు బాగుందంటారు గానీ పువ్వని భ్రమపడరు కదా, చేపైతే మొహమాటానికి తినదు కదా అనేది. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

కల్యాణసింగ్‌పూర్ వెళ్ళే దారిలో ఒక చిన్న జలాశయం ఉంది. కొట్టు తెరిచే లోపల వెళ్ళి వచ్చేవాణ్ణి. ఈకల పురుగులు స్కూటర్ డిక్కీలో డబ్బాలో ఉండేవి, ఆవిడకీ తెలుసు. ముందు ఆవిడ కట్టినదే వేసేవాణ్ణి. పొద్దున్నపూట చేపలు పైపైన ఎగురుతుంటే ఇది వాటి కిందికి దిగిపోయేది. ఒక్కటీ చూసేది కాదు. ఈకది వేస్తే పైన తేలేది, చేప పడేది. ఇంటికొచ్చి పెరటి కుళాయి దగ్గర కుంకుడు రసంతో చేతులు తోముకుంటుంటే వెనకాల నిలబడి అడిగేది, "నాది ముట్టుకుందేటి?" అని.

లేదని చెప్పడానికి నోరు రాదు. "దగ్గరదాకా వచ్చింది, ముక్కుతో తోసింది, ఎందుకో వెనక్కి తిరిగింది" అనేవాణ్ణి. ఊరందరి మీదా నోరు పారేసుకునేవాణ్ణి, ఆవిడ దగ్గర మాత్రం ఇలాంటివి అల్లేవాణ్ణి. ఆవిడ తర్వాతి పురుగుకి ఇంకాస్త మీసం పెంచి కట్టేది.

తర్వాత ఆవిడకి షుగరు కళ్ళకి తిరిగింది. విశాఖ తీసుకెళ్ళి చూపించాం. ఉన్న చూపు నిలుపుకోవడమే గానీ పోయింది రాదన్నారు. సూదిలో దారం ఎక్కించలేకపోయిన రోజున కుట్టుపెట్టె మూసేసింది. అడగడం కూడా మానేసింది. ఆవిడ కట్టిన పురుగుల్లో పొదలకీ మొద్దులకీ చిక్కుకుని పోయినవి పోగా ఒక్కటే మిగిలింది. అది పాడవుతుందని నేను వాడేవాణ్ణి కాదు.

ఈ వేసవిలో ఒకరోజు ఊళ్ళో బంద్. కొట్లన్నీ మూసేశారు. ఇంట్లో కూర్చోలేక దండగని తెలిసీ మధ్యాహ్నమే వెళ్ళాను. నీటిపైన ఒక్క అలికిడి లేదు. ఈక పురుగులు వేసి వేసి విసిగిపోయి, ఏ బుద్ధి పుట్టిందో ఆవిడది కట్టాను. లోతు దగ్గర వేశాను. అది నీళ్ళు తాగి దిగింది, దిగింది. తాడు ఒక్కసారి బిగుసుకుంది.

ఎండకి చేపలన్నీ చల్లదనం కోసం అడుక్కి పోతాయి. అడుక్కి దిగే పురుగు మా ఇంట్లోనే తయారైంది, నేను దాన్ని ఇన్నాళ్ళూ పొద్దున్నే పైనున్న చేపలకి చూపించాను. ఇదంతా ఆ క్షణంలోనే అర్థమైంది. చేప ఏదో కూడా చూడలేదు. కర్ర వంచేసి, ఒక మొద్దు కిందికి లాక్కుపోయి, తాడు తెంపుకుని వెళ్ళిపోయింది. పురుగుతో సహా.

స్కూటర్ ఎలా నడిపానో నాకే తెలియదు. చేతులు కడుక్కోకుండానే పెరట్లో నిలబడి మొత్తం చెప్పాను. ఆవిడ మెట్టు మీద కూర్చుని మొహం నా వైపు తిప్పి వింది.

"ఏదీ, పురుగు ఇలాగివ్వండి."

"తెంపుకుపోయిందే. నోట్లో పెట్టుకునే పోయింది."

"పొదకి పట్టుకుంటే పట్టుకుందని సెప్పండి. నేనేటీ అనుకోను."

"ఒట్టు. నీ మీద ఒట్టు" అని అరిచాను.

ఆవిడ చెయ్యి చాచి నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. కోపం లేదు, ఎంతో ప్రేమగా అంది. "ఉప్పు మరిచిపోయిన పప్పు కూడా బాగుందనే తిన్నారు కదా మీరు. పోనీండి, కాళ్ళు కడుక్కుని రండి, అన్నం పెడతాను."

ఆ పూట పప్పు నిజంగానే చాలా బాగుంది. ఆ మాట అనలేక తలొంచుకుని తిన్నాను.