పెసరగింజంత గుండెకు కాపలా

నేను రియాద్ వెళ్లింది ఊరు చూడటానికి కాదు, పోట్లాడటానికి. వరంగల్‌లో మా వీధి సరితక్క రియాద్‌లోని ఒక ప్రయోగశాలలో అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల గుండెల మీద పరిశోధన చేస్తుందని తెలియగానే నాకు తిక్కరేగింది. జంతుహింస మీద దొరికిన కరపత్రమల్లా చదివినవాణ్ణి. ఫోన్లోనే అరిచాను. "వచ్చి చూసి తిట్టురా" అంది.

సౌదీలోనే ఉనైజా అనే ఊళ్లో, ఖర్జూరాల కోల్డ్ స్టోరేజీలో మెకానిక్‌ని నేను. శనివారం సెలవు కాబట్టి ఉదయం ఆరింటికి షేర్ కారెక్కాను. మనిషికి వంద రియాళ్లు, దారి నాలుగు గంటల లోపే. డ్రైవర్ మస్తానన్నది కడప. నా చేతిలో కరపత్రం చూసి, సంగతంతా రాబట్టి, "ఏం అబ్బీ, ఎలకల తరపున పంచాయితీకి పోతాండావా? మీ గోదాములో బోన్లు పెట్టేది ఎవురు?" అన్నాడు. పెట్టేది నేనే. కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పదింటికి గేటు దగ్గర ఇకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు, చూపించి, అక్క ముందే తీసుకున్న అనుమతితో లోపలికి వెళ్లాను. మంచులో పెట్టిన గిన్నెలో, పెసరగింజకన్నా చిన్న గుండె కదలకుండా ఉంది. అక్క దాన్ని మైక్రోస్కోపు కింద సన్నటి గొట్టానికి దారంతో కట్టి, వెచ్చటి ద్రావణం వదిలింది. అది టకటకా కొట్టుకోసాగింది. తిట్టడానికి వచ్చినవాణ్ణి, వంగి దాన్నే చూశాను.

"ఈ వయసుల గుండెకు దెబ్బ తగిల్తే తనే మాన్పుకుంటది. పెద్దయినంక ఆ గుణం పోతది. అదెట్లనో తెల్సుకోవాలె" అంది అక్క. "అరగంట నిలకడగ కొట్టుకోవాలె. లేకుంటే ఇంకో పిల్లను తియ్యాలె."

ఇంకో ప్రాణమా! అక్క కంప్యూటర్ వైపు తిరగ్గానే రిమోట్‌తో ఏసీని పదహారుకు దించి, దాని రెక్కను గుండె వైపు తిప్పాను. మా గోదాములో ఏది పాడవకూడదన్నా చల్లదనమే మందు. పైగా మంచు గిన్నె కళ్లారా చూశాను కదా.

ఐదు నిమిషాల్లో కొట్టుకోవడం నెమ్మదించింది. అక్క గొట్టాలన్నీ తడిమి చూసి, తలెత్తింది. "ఏసీ ఎవలు తగ్గించిన్రు?"

"నేనే. పాడవకుండా..."

"ఖర్జూరమనుకున్నవారా! మంచుల పెట్టేది దాన్ని ఆపనీకి. ఇప్పుడది పనిజేస్తాంది, వెచ్చగుండాలె!"

అక్క ఏసీని మామూలుకు తెచ్చింది గానీ, నేను తిప్పిన రెక్క ఇరుక్కుపోయింది. ఏసీ పూర్తిగా ఆపితే యంత్రాలు వేడెక్కుతాయట. చేతికందింది నా కరపత్రమే. విప్పి గాలికి అడ్డం పట్టాను. కాసేపటికి గుండె మళ్లీ వేగమందుకుంది. అక్క గడియారం మొదటి నుంచి పెట్టింది.

"చేతులు గుంజుతున్నయక్కా."

"దాంట్ల ఏం రాసిన్రో చదువుకో, టైం పోతది."

అరగంట నిండింది. కంప్యూటర్లో గుండె లెక్కంతా చెడకుండా నమోదైంది. రెండో పిల్ల ఆ రోజు తల్లి దగ్గరే ఉండిపోయింది.

నా పోట్లాట ఇంకా అయిపోలేదు. భోజనాల దగ్గర కూడా అక్కతో గొంతు పెంచాను. ఒక్క ప్రాణమూ వృథా కాకూడదన్నది ఇప్పటికీ నా మాటే. అక్క మాట కూడా అదేనని, చేతులు పైకెత్తి నిలబడ్డ ఆ అరగంటలోనే తెలిసింది. మీరెవరైనా ఇలాంటి చోటికి వెళ్తే ఇకామాతో పాటు ఒక స్వెటర్ పట్టుకెళ్లండి. చలేసినా, చెమట పట్టినా, రిమోట్ మాత్రం ముట్టుకోకండి.