చావడానికి ఒప్పుకోని కణం

మొన్న మంగళవారం పొద్దున మిర్యాలగూడ నుంచి మేడం వాళ్లక్క ఫోన్ చేసింది. "అయిపోయిందమ్మా. ఇగ దానికి నొప్పి లేదు," అన్నది. నేను కోదాడలో కాలేజీకి తయారవుతున్నాను. కాలేజీ మాని మిర్యాలగూడ బస్సెక్కాను.

మేడం ఇంటర్లో మాకు జువాలజీ చెప్పారు. మోతె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే నేను ఈ రోజు అదే సబ్జెక్టు చెబుతున్నానంటే ఆమె వల్లే. బొమ్మ గీశాక వేళ్లకంటిన సుద్దను బోర్డు పక్క గోడకు తుడిచేవారు. ఏడాది చివరికి ఆ గోడంతా ఆమె వేళ్ల గుర్తులే.

"పాడైన కణం తనంతట తానే చచ్చిపోతది. చోటు విడిచిన కణం గూడ అంతే. గట్ల చావబట్టే మనం బతుకుతున్నం," అనేవారు. అప్పుడు నాకది రెండు మార్కుల ప్రశ్న మాత్రమే.

మూడేళ్ల కింద ఆమె రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషన్, కీమో అయ్యాక ఏడాదిన్నర బాగానే ఉన్నారు, మళ్లీ క్లాసులూ చెప్పారు. తర్వాత నడుము నొప్పి మొదలైంది. సూర్యాపేటలో స్కాన్ తీయించుకుని నన్ను అక్కడికి రమ్మన్నారు.

"నువ్వు సదివి చెప్పు. డాక్టర్ నా మొకం సూస్తలేడు."

రిపోర్టులో వెన్నెముకకు, కాలేయానికి పాకిందని ఉంది. "చిన్న మచ్చలే మేడం, మందు మారిస్తే పోతయి," అన్నాను.

ఆమె రిపోర్టు నా చేతిలోంచి తీసుకున్నారు. "నేను చెప్పిన పాఠం నాకే తప్పు చెప్తున్నవా?"

తల వంచుకున్నాను. క్లాసులోలాగే నిదానంగా చెప్పారు. "రొమ్మును విడిచి రక్తంల పడ్డ కణం గాడనే చావాలె. నాది చావలే. ఎముక దాక పోయి బతుకుతున్నది. కీమో చేసేది గూడ దాన్ని తనంతట తాను చచ్చేటట్టు చేసుడే. అది ఇంటలేదు."

మందు మార్చారు. అదీ పనిచేయలేదు. ఒకరోజు, "ఈ పాఠం నీ పిల్లలకు నేను చెప్త," అని కోదాడలో నా క్లాసుకు వచ్చారు. కుర్చీలో కూర్చునే చెప్పారు. మఠంపల్లి నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి, "చావకుండా తప్పించుకున్న కణాన్ని చంపే మందు లేదా మేడం?" అని అడిగింది.

"కొందరికి పనిచేస్తది. నాకు పనిచేయలే."

అమ్మాయి సారీ అంది. "అడిగినందుకు సారీ ఎందుకు? రాసుకో," అన్నారు మేడం. క్లాసులో చాలాసేపు పెన్నులు కదలలేదు.

ఆ తర్వాత ఆమె మంచం దిగలేదు. చివరిసారి వెళ్లినప్పుడు మంచినీళ్లు అడిగారు. రెండు గుక్కలు కూడా మింగలేకపోయారు.

దహనం అయ్యాక వాళ్లక్కతో కలిసి ఇంటికి వెళ్లాను. ఆపరేషన్ తర్వాత వాచిన చేతికింద మేడం పెట్టుకునే దిండు మంచం మీదే ఉంది. అక్క దాన్ని తీయబోయి ఆగింది. దిండు మధ్యలో చెయ్యి ఆనిన గుంట ఇంకా అలాగే ఉంది. మేమిద్దరం దానికి చెరో పక్క కూర్చున్నాం. ఎవరమూ ముట్టుకోలేదు.