పాట లేనిచోట పడిన క్యాప్షన్

దయ్యాల మాట ఎత్తితే నేను వాదించను, లేచి వెళ్ళిపోతాను. ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. చదువుకునే రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను. చూసింది రాస్తాను, అనుకున్నది రాయను. ఇది కూడా అలాగే రాస్తున్నాను.

మా కోడలు స్వర్ణకు నెల్లూరులో వీడియో ఎడిటింగ్ స్టూడియో ఉంది. మైపాడు అవతల ఒక పల్లెలో, ఒడ్డు నుంచి పెద్ద వల లాగేవాళ్ళ మీద తీసిన డాక్యుమెంటరీ దాని చేతికొచ్చింది. చెవులు వినపడనివాళ్ళ కోసం తెలుగు క్యాప్షన్లు ఉండాలన్నారు. మాట విని తనంతట తానే క్యాప్షన్లు వేసే సాఫ్ట్‌వేర్లు మూడు ట్రయల్‌కి తెచ్చుకుంది. ఏది కొనాలో తేల్చే పని నా మీద పెట్టింది.

"మీకన్నా తగినవాళ్ళు ఎవరు దొరుకుతారు మామయ్యా? చెవి మిషను తీస్తే ఉరిమినా తెలీదు మీకు" అంది.

నిజమే. మిషను తీసి ఒకసారి చదవడం, పెట్టుకుని మళ్ళీ వినడం, రెండూ పోల్చడం. ప్రాణం విసిగే పని. మొదటి దాంట్లో మాట అయిపోయాక క్యాప్షన్ వచ్చేది. రెండోది "చేసినాడు" అంటే "చేశాడు" అని దిద్దేది. మూడోది యాసను యాసగానే ఉంచింది. అదే బాగుందనుకున్నాను.

సినిమాలో వల లాగే పాట ఉంది. ఒకరు పాట అందిస్తే మిగతావాళ్ళు హైలెస్సా అంటూ లాగుతారు. పాట అందించే పోలయ్య షూటింగుకు కొన్నాళ్ళ ముందే పోయాడు. పాట అందించేవాడు పోతే, ఏడాది తిరిగేదాకా అతని వంతు పాదాలు ఇంకెవరూ పాడరు. ఆయన ఉంటే పాదం పాడటానికి పట్టేంతసేపు ఊరకుండి, ఆ తర్వాతే హైలెస్సా అంటారు. ఆ కట్టుబాటు చెడనివ్వమని మాటిచ్చాకే ఆయన భార్య కోటమ్మ షూటింగుకు ఒప్పుకుంది.

మూడో సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీలో ఒక పాదం వేసింది. "కుండలో కూడు చల్లారె, కోటమ్మ కోపం చల్లారదే."

మిషను పెట్టుకుని విన్నాను. అలల చప్పుడే. స్వర్ణ ఆ ముక్క సౌండు పెంచి చూసింది. అలలే. మళ్ళీ మొదటి నుంచి నడిపితే అదే చోట అదే పాదం. మిగతా రెండింటిలో అక్కడ ఖాళీ. కోటమ్మ పేరు సినిమాలో ఎక్కడా రాదు.

"మాటల్లేనిచోట ఇవి ఏదో ఒకటి కల్పిస్తాయి, తీసేద్దాం. ఆమె చూసిందంటే మాట తప్పామని సినిమానే ఆపమంటుంది. నా కష్టమంతా పోతుంది" అంది స్వర్ణ.

ఆమె పేరున్న మాటను ఆమెకు చెప్పకుండా తీసేయడం నాకు సరిగా తోచలేదు. ఆ పల్లెకు బయల్దేరాను, స్వర్ణ అయిష్టంగానే వెంట వచ్చింది.

కోటమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. చెయ్యి కడుక్కుని వచ్చి, మేం చూపించిన పాదాన్ని కూడబలుక్కుంటూ చదివింది.

"ఎవురు చెప్పినారయ్యా మీకిది?"

"ఎవరూ చెప్పలేదమ్మా. కంప్యూటరు రాసింది."

"పెళ్ళయిన కొత్తల్లో ఒక్కనాడు పాడినాడు. ఒడ్డంతా నవ్వినారు. ఇంటికొచ్చినాక చీపురు తీసినా. మళ్ళా పాడలా. ఆనాడు వల పట్టినోళ్ళలో ఇప్పుడు ఒక్కడూ లేడు."

"తీసేస్తాం పెద్దమ్మా" అంది స్వర్ణ గబగబా.

"ఉండనీ. అడిగి పాడేవోడా ఆయన?"

మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళిపోయింది.

మూడోదే కొన్నాం. సినిమా బయటికొచ్చింది. వినపడేవాళ్ళు ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు, పాట లేనిచోట క్యాప్షన్ తప్పుగా పడిందని. వినపడనివాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళ లెక్కలో పోలయ్య కూడా అందరితో పాటే పాడుతున్నాడు.

జవాబులు రాసి రాసి స్వర్ణకు ఓపిక పోయింది. మొన్న ఇంకో ఫిర్యాదు చూపించి, "ఏమని జవాబు రాయమంటారు మామయ్యా?" అంది.

అదెలా పడిందో మాకూ తెలియదని రాయమన్నాను.