తలుపు మీట

మా మామ కూతురంటే నాకు కుళ్ళు. దాచేదేం లేదు. నాకంటే ఏడాది పెద్దది కాబట్టి వదినా అని పిలవాలి, అదొక కుళ్ళు. ఖమ్మంలో ఉంటుంది, అదింకొకటి. వాళ్ళింట్లో కంప్యూటర్ ఉంది. ఆ కుళ్ళు మాత్రం ఇప్పటికీ మానలేదు.

మాది ఏన్కూరు దాటాక అడవి అంచున ఉండే పల్లె. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వేసవి సెలవులకు అమ్మ నన్ను మామ ఇంట్లో దించి వెళ్ళేది. మామది ఎరువుల కొట్టు. కొట్టు పని కోసం కొన్న కంప్యూటర్‌లో ఎవరో ఒక ఆట కూడా ఎక్కించి ఇచ్చారు. అందులో ఎప్పుడూ వాన కురిసే పట్నం ఉంటుంది. మేడల నిండా రంగు దీపాల బోర్డులు, కింద బురద. అక్కడి పేదవాళ్ళు తమ కళ్ళూ చేతులూ కంపెనీలకు అమ్ముకుని, ఇనుపవి పెట్టించుకుంటారు. అట్లా చెయ్యి పోగొట్టుకున్న ఒక ఆడమనిషి, దాన్ని వెతుక్కుంటూ ఊరంతా తిరుగుతుంది; ఆమెను నడిపించడమే ఆట. ఇలాంటి కథల్ని సైబర్‌పంక్ అంటారని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

మా వైపు ఆడబిడ్డ పిల్లలు ఇంటికి వస్తే ఏదైనా ముందు వాళ్ళకే. కూరలో మూలుగ బొక్క నాకే, ఫ్యాన్ కింద చోటు నాకే. "ఆడబిడ్డ బిడ్డ, ముందు దానికియ్యి" అని మామ ప్రతిదానికీ అనేవాడు. మౌస్ దగ్గర మాత్రం ఆ మర్యాద చెల్లలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, ఆ ఇంట్లో పూజారి మా వదిన.

"నువ్వు తలుపు కొట్టు," అనేది. కీబోర్డు మీద తలుపు తెరిచే మీట ఒకటుంది. దాన్ని నొక్కడం నా ఉద్యోగం. పరుగెత్తడం, కాల్చడం, గోడలెక్కడం అన్నీ ఆమెవే. పక్కన స్టూలు మీద కూర్చుని, మీట మీద వేలు పెట్టుకుని, తలుపు ఎప్పుడొస్తుందా అని నేను కాచుకునేదాన్ని.

"జల్దీ నొక్కు. దిక్కులేం చూస్తున్నవ్?"

దిక్కులు చూడక ఏం చెయ్యను? తిండి బండి దగ్గర చిరిగిన గొడుగు పట్టుకుని నిలబడే ముసలాయన. పై అంతస్తు కిటికీలో, అంత వానలోనూ బట్టలారేసే ఆవిడ. ఆ వీధులు నాకు మా పల్లె కంటే బాగా తెలుసు. కానీ అదంతా చూస్తూనే, ఓరకంట వదిన వేళ్ళు చూసి కడుపు రగిలేది. రాత్రి అన్నం ముందు కూర్చున్నా ఆ వేళ్ళే కనబడేవి.

ఒకసారి అడిగాను. "వదినా, ఒక్కపారి నాకియ్యవా?"

"నీకు రాదే. చచ్చిపోతవ్. మళ్ల మొదటికెళ్లి ఆడాలె."

నిజమే, నాకు రాదు. ఇయ్యకపోతే ఎట్లా వస్తుంది?

ఆట చివరికొచ్చేసరికి ఆ ఏటి సెలవులైపోయాయి. నాన్న వచ్చి నన్ను బస్సెక్కించాడు. తర్వాత ఫోన్లో వదిన సంబరంగా చెప్పింది, ఆట గెలిచానని, ఆ ఆడమనిషికి చెయ్యి దొరికిందని. నేను ఒక్కటే అడిగాను.

"తలుపులెవరు కొట్టిన్రు?"

"నేనే. దాంట్ల ఏముంది, ఇంకో చెయ్యి ఖాళీనే గద."

అంటే నా వేలు ఆ ఆటకు అసలు అక్కరే లేదు. ఆడనివ్వకపోవడం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది.

ఆ తర్వాత అలాంటి సినిమాలు తెలుగు డబ్బింగులో చాలా చూశాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు మూడు ఇంగ్లీషు నవలలూ చదివాను. తిరిగి వెళ్ళాలనిపించింది మాత్రం ఆ వాన పట్నానికే. దుమ్ముగూడెం వైపు బడిలో టీచర్‌గా చేరి, భద్రాచలంలో గది కిరాయికి తీసుకున్నాక పాత కంప్యూటర్ ఒకటి కొన్నాను. హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద ఆ ఆట డిస్కు దొరికింది. చచ్చీ చచ్చీ నేర్చుకున్నాను. తలుపులు నేనే కొట్టుకున్నాను.

ఆ మధ్య మా వదిన భర్తకు ఇటువైపు ఏదో పని పడి, ఇద్దరూ నా గదిలో దిగారు. మర్యాదకు లోటు చెయ్యలేదు. మూలుగ బొక్క ముందు వదినకే వేశాను. భోజనాలయ్యాక కంప్యూటర్ పెట్టి, కుర్చీలో నేను కూర్చుని, స్టూలు ఆమె వైపు జరిపాను.

"నువ్వు తలుపు కొట్టు వదినా."

ఇన్నేళ్ళు నేను ఎదురుచూసింది ఆ మాట అనడానికే. ఆమె నవ్వి కూర్చుంది. నేను పరుగెత్తాను, కాల్చాను, గోడ దూకాను. తలుపు దగ్గరికొచ్చాను. తలుపు తెరుచుకోలేదు. వెనక నుంచి వచ్చినవాళ్ళు నన్ను కాల్చేశారు.

"జల్దీ నొక్కాలె గద," అన్నాను.

వదిన వేలు మీట మీదే ఉంది. కళ్ళు మాత్రం తెర పైభాగంలో ఉన్నాయి. "వానల బట్టలారేస్తున్నది చూడే ఆమె," అంది. "గీమె ఎప్పుడుండె? నేను అన్ని ఎండకాలాలు ఆడితి, ఒక్కనాడు చూడలే."

మళ్ళీ మొదలుపెట్టాను. ఆమె గొడుగు ముసలాయనను కళ్ళతో పట్టుకుంది. బురదలో మెరిసే రంగులను పట్టుకుంది. ఉన్నట్టుండి, "ఆ బోర్డు ఎనక పిట్ట గూడు పెట్టింది," అంది.

అన్ని వేసవులు కళ్ళప్పగించి చూసినా నాకు ఏ పిట్టా కనబడలేదు. "ఏ బోర్డు?" అన్నాను. ఎదురుగా తుపాకులు పేలుతున్నాయి, తల తిప్పే వీల్లేదు.

"పాయె. దాటొచ్చినం."

నా స్టూలు నాకిచ్చెయ్ అనబోయాను. సిగ్గేసి, కాల్చుకుంటూ ముందుకు పోయాను.