మూలనున్న బిషప్

2022 చలికాలం. మదనపల్లెలో ఒక కల్యాణమండపంలో ఓపెన్ చెస్ టోర్నమెంటు జరుగుతోంది. నేను పుంగనూరులో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. సెలవుల్లో ఆర్బిటర్‌గా, అంటే చెస్ అంపైరుగా వెళ్తుంటాను. గడియారాలు, నియమాలు చూసుకోవడం ఒకప్పటి పని. ఫోనులో పట్టే ప్రోగ్రాము ఎంతటి ఆటగాడినైనా ఓడించే ఈ రోజుల్లో ఎవరు దాన్ని చాటుగా చూసి ఆడుతున్నారోనని అనుమానించడమే మాకు పెద్ద పని. ఆ ప్రోగ్రామును మేం ఇంజిన్ అంటాం.

ఆ టోర్నమెంటుకు గోవిందరాజులు వచ్చాడు. బైరెడ్డిపల్లె దగ్గర పుట్టి బెంగళూరులో స్థిరపడిన గ్రాండ్‌మాస్టర్. యాభై దాటినవాడు. కొందరు గ్రాండ్‌మాస్టర్లు చిన్న లాభాన్ని గంటల తరబడి ఓపిగ్గా పిండుకుంటారు. ఈయన అలా కాదు. గుర్రాన్నో బిషప్‌నో బలిచ్చి మరీ ఎదుటి రాజు మీద పడేవాడు. మా తరం ఆ ఆటలు చూసే చెస్ మీద మోజు పెంచుకుంది. అలాంటి మనిషి ఇక్కడ ప్రతి ఆటలోనూ మొదట్లోనే క్వీన్లను మార్పిడి చేసేసి, మిగిలిన కొద్ది పావులతో చప్పగా ఆడి గెలుస్తున్నాడు. పైగా ఎత్తు వేయగానే లేచి వాష్‌రూముల వైపు వెళ్తున్నాడు. నాకు మొదటి రోజే మనసులో ఏదో తేడా కొట్టింది.

కుప్పంలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపే వెంకటరమణప్ప ఆయన చేతిలో ఓడిపోయి, ఆట ముగియగానే నన్ను పక్కకు పిలిచాడు.

"మేడం, ఇది ఆయన ఆటేనా? వయసైతే బలం తగ్గుతాది గానీ గుణం మారతాదా? మాటిమాటికీ యాడికి పోతాండాడో సూడండి. ఆడ ఏదో పెట్టుకోనుండాడు."

గోవిందరాజులు ఒంటిమీద మెటల్ డిటెక్టర్ తిప్పాను. మారుమాట్లాడకుండా చేతులు చాచి నిలబడ్డాడు. వాష్‌రూములు వెతికించాను. ఏమీ దొరకలేదు. దొరకనంత మాత్రాన అనుమానం పోలేదు.

సాయంత్రం ఆ ఆటను ఇంజిన్‌తో పరిశీలించాను. ఎత్తులన్నీ యంత్రం చెప్పినట్టే ఉంటాయనుకున్నాను. ఆట మధ్యలో మాత్రం ఒకచోట ఆగిపోయాను. వెంకటరమణప్ప బిషప్ గోవిందరాజులుకు ఎడమ పక్క మూలన కాపలా లేకుండా ఉంది. ఆట నేర్చుకుంటున్న పిల్లలైనా దాన్ని కొట్టేస్తారు. గోవిందరాజులు దాన్ని వదిలేసి ఇంకేదో ఎత్తు వేశాడు.

మర్నాడు చివరి రౌండుకు ముందు, హాలు ఖాళీగా ఉండగా ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాను. బోర్డు మీద ఆ పావులన్నీ అలాగే పేర్చి, ఈ బిషప్‌ను ఎందుకు కొట్టలేదని అడిగాను.

"కనపడలేదమ్మా," అన్నాడు.

"తోచలేదంటారా?"

"కాదు. కనపడలేదు. ఎడమ పక్క సూపు పోతాండాది. తల తిప్పితేనే ఆ మూల ఏముండాదో తెలుస్తాది. నిన్న తిప్పేది మరిచిపోయినా."

గ్లకోమా అట. పోయిన చూపు తిరిగిరాదని డాక్టర్లు చెప్పేశారట. పావులు తక్కువైతే కనపడకుండా పోయేవీ తక్కువే కాబట్టి క్వీన్లను తొందరగా మార్చుకుంటున్నాడు. బయటికి వెళ్ళి కాసేపు కళ్ళు మూసుకుని నిలబడి, వచ్చి మళ్ళీ బోర్డంతా మొదటినుంచి చూసుకుంటున్నాడు.

నేను నమ్మలేదు. పట్టుబడ్డవాళ్ళు చెప్పే కథలు చాలా విన్నాను. ఆయన మాట్లాడుతుండగానే ఆయనకు ఎడమ అంచునున్న బంటును మెల్లగా తీసి గుప్పిట్లో దాచుకున్నాను. ఆయన బోర్డునే చూస్తూ చెప్పుకుపోతున్నాడు. గుప్పిట విప్పి చూపించాను. బంటును చూశాడు. తల పూర్తిగా పక్కకు తిప్పి, ఖాళీ అయిన గడిని చూశాడు.

"ఎవురికీ చెప్పద్దమ్మా. తెలిస్తే అందరూ ఆ పక్కనుంచే వస్తారు. ఇంకొన్నాళ్ళు ఆడాలని ఉండాది," అన్నాడు.

ఆధారాల్లేవని ఫిర్యాదు కొట్టేశాను. ఇంజిన్ సాయం ఉన్నవాడు ఊరికే వచ్చే బిషప్‌ను వదులుకుంటాడా అని వెంకటరమణప్పను అడిగాను. మనకు అనుమానం రాకూడదని కావాలనే వదిలేసి ఉంటాడన్నాడు. దానికి నా దగ్గర సమాధానం ఉంది, చెప్పే వీలు లేదు.

చివరి రౌండులో గోవిందరాజులు ఓడిపోయాడు. ఎడమ అంచు వెంబడి దిగిన రూక్‌ను ఆయన ఆలస్యంగా గమనించాడు. "నిన్న సోదా చేసినారు కదా, ఈ పొద్దు ఆట మరిచిపోయినాడు," అని వెంకటరమణప్ప నలుగురికీ వినపడేలా అన్నాడు. గోవిందరాజులు విన్నాడు. ఎదుటివాడితో చెయ్యి కలిపి, స్కోరు కాగితం మీద సంతకం పెట్టి, తలవంచుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికల్లా, మా పక్క మనిషి కాబట్టి నేనే ఆయన్ని కాపాడానన్న మాట హాలంతా పాకింది.

మరుసటి ఏడాది కుప్పంలో ఒక శిక్షణ శిబిరంలో ఆయనే తన కళ్ళ సంగతి చెప్పి, ఇక పోటీల్లో ఆడనని ప్రకటించాడు. ఆ రోజే వెంకటరమణప్ప నాకు ఫోన్ చేశాడు.

"మీకు ఆ పొద్దే తెలుసునా మేడం?"

తెలుసునన్నాను.

"నా బిషప్ ఆడ ఊరికే పోతాదని నాకూ తెలుసు. ఆయన ఎత్తు వేసే దాకా చెమటలు పట్టినాయి. కొట్టకపోతే బతికినా అనుకున్నా. అయినా మీ దగ్గరికొచ్చి ఆ మాట చెప్పలేదు."

అనుమానించడం ఇప్పటికీ నా పనే. ఫిర్యాదు వస్తే మెటల్ డిటెక్టర్ తీస్తాను, జేబులు చూస్తాను, గోడల వెనక వెతికిస్తాను. కానీ ఆటగాడు వేసిన గొప్ప ఎత్తులతో పాటు, వదిలేసిన తేలిక ఎత్తులు కూడా చూస్తున్నాను. ఫిర్యాదు చేసినవాళ్ళను కూడా ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతున్నాను: ఆ ఆటలో మీరు భయపడినా, ఎదుటివాళ్ళు వేయని ఎత్తు ఏమైనా ఉందా?