పడుగు లేని మగ్గం పలికిన మధ్యాహ్నం

దయ్యాల మాట ఎవరెత్తినా వాదనకు దిగేవాణ్ణి నేను. కాలేజీ మెట్లెక్కలేదు గానీ, ధర్మవరం శాఖా గ్రంథాలయంలో ధ్వని గురించీ, మనసు చేసే మోసాల గురించీ దొరికిన ప్రతి పుస్తకం చదివాను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది పట్టుచీరల ఇల్లు. నాయన పోయాక మగ్గం ఆగిపోయింది. వదిన చంద్రకళ మధ్యాహ్నాలు ఫోన్‌లో లైవ్ పెట్టి చీరలు అమ్ముతుంది. అడిగినవాళ్లను గెస్టులుగా తెరమీదికి తీసుకుని, వాళ్ల పెళ్లి ముచ్చట్లు విని, తగిన చీర చూపిస్తుంది. పక్కన కూర్చుని, నా ఫోన్‌లోంచి హద్దు మీరినవాళ్లను బయటికి పంపడం మోడరేటరుగా నా పని. అది నాకు బాగా వచ్చు. మాట తేడా వస్తే ఒక హెచ్చరిక, వినకపోతే తొలగింపు. ఆడమనిషి ఒంటి గురించి మాట్లాడితే హెచ్చరిక కూడా ఉండదు.

అయినా ఒకసారి ఒకడి బూతుమాట, నేను తీసేసేలోపే బంధువుల చెవిన పడింది. అన్న నాగరాజు తెగేసి చెప్పాడు: "ఇంగొక్కసారి ఇట్లయితే లైవ్ బంద్. మనకొద్దప్పా ఈ యాపారం." నాయన పోయాక ఇంట్లో నిలబడిన పని అదొక్కటే. వదిన ఆ రాత్రి అన్నం తినలేదు.

కొన్నాళ్లకు ఒకాయన గెస్టుగా వచ్చాడు. మర్యాదగా అంచు చూపించమన్నాడు, కొంగు చూపించమన్నాడు. ఉన్నట్టుండి, "చీర యాడికి పోతాది గానీ, నువ్వు కట్టుకొని అట్లా తిరుగు, చూస్తాం" అన్నాడు. తొలగించే బటన్ నొక్కాను. నా ఫోన్ బిగుసుకుపోయింది; లైవ్ నడుస్తున్న వదిన ఫోన్ చేతికందనంత దూరంలో స్టాండు మీద ఉంది. గుమ్మంలో అన్న నిలబడి వింటున్నాడు. వాడు నవ్వుతూ ఇంకో మాట మొదలుపెట్టాడు.

లోపలి గదిలో మగ్గం మోగింది.

వాడి మాట అందులో మునిగిపోయింది. వాడు గొంతు పెంచితే చప్పుడూ పెరిగింది. "ఏందమ్మా ఆ సద్దు, ఆపిచ్చు" అని అరిచి అరిచి, చివరికి వాడే వెళ్లిపోయాడు. చప్పుడు ఆగింది.

అది నాయన పద్ధతి. ఆడవాళ్ల ముందు ఏ వ్యాపారి నోరు పారేసుకున్నా ఆయన తగువు పెట్టుకునేవాడు కాదు. మగ్గం గుంతలోకి దిగి, ఎదుటివాడి మాట వినపడనంత గట్టిగా నేసేవాడు. వాడు లేచిపోయాకే ఆపేవాడు. ఎడమకాలు సరిగా లేక, తొక్కుడు సమంగా పడక ఆయన దెబ్బ ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడేది. మేము విన్నదీ అలాగే పడింది.

ముగ్గురం లోపలికి పోయి చూశాం. మగ్గానికి పడుగు లేదు, నేయడానికి నిలువు దారం ఒక్కటీ లేదు. నాయన కూర్చునే పలక మీద పాత సామాన్ల మూటలు, వాటిమీద చెదరని దుమ్ము. పక్కింటి మరమగ్గాలేమో అనుకుందామంటే ఆ మధ్యాహ్నం వీధిలో కరెంటు లేదు. మా భ్రమ అనుకుందామంటే, హిందూపురం నుంచి చూస్తున్న ఒకామె "ఎవరక్కా నేస్తాండేది?" అని కామెంటు పెట్టింది. రికార్డింగులోనూ ఆ చప్పుడుంది.

ఫోన్ మార్చాను. గెస్టులను ఇప్పటికీ నేనే చూసుకుంటున్నాను, మళ్లీ ఎవడి ఆటా సాగనివ్వలేదు. ఆ చప్పుడుకు కారణం మాత్రం ఏ పుస్తకమూ నాకు చెప్పలేకపోయింది.

లైవ్ ఆపమని అన్న మళ్లీ అనలేదు. మరుసటి రోజు పలక మీది మూటలన్నీ తీసి అటక మీద పెట్టాడు. ఎందుకని అడిగాను.

"కూర్చునేదానికి చోటుండొద్దా" అన్నాడు.